కాలేయంలోనూ ఓ ఆటోనగర్!

* మాంసకృత్తులు తయారయ్యేది, విషాలు విరిగేది అంతర్జీవ ద్రవ్యజాలంలోనే
* ఎర్ర రక్తకణానికి లేదు.. వరి గింజకు ఉంది
* తిన్నర్, మద్యం, జ్వరం మాత్ర కలిస్తే ముప్పు

ఆటోనగర్ (విజయవాడ): బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు మీదుగా ఆటోనగర్‌లోకి అడుగుపెట్టిన వారిని ముందుగా పలకరించేది వాసన. వెల్డింగు పొగ, కాలిన ఇనుము, పుట్టీ, వీటన్నింటినీ మించి తిన్నర్. లారీ బాడీ బిల్డింగు షెడ్లలో రంగు చల్లే కార్మికుడు రోజంతా పీల్చేది ఆ గాలినే. ఇబ్బందిగా లేదా అని అడిగితే ‘అలవాటైపోయింది’ అన్న సమాధానం వస్తుంది.

ముక్కుకు అలవాటు కావడం వేరు, ఒంటికి అలవాటు కావడం వేరు. వాసన తెలియకపోవడం ముక్కులోని నాడులు దానికి స్పందించడం తగ్గించిన ఫలితం. ఒంట్లోకి చేరిన పదార్థం మాత్రం వాసన తెలియనంత మాత్రాన మాయమైపోదు. దాన్ని విరగగొట్టి బయటికి పంపాల్సిందే. ఆ పని ప్రధానంగా కాలేయంలో జరుగుతుంది. కాలేయ కణం లోపల అందుకు కేటాయించిన చోటు పేరు అంతర్జీవ ద్రవ్యజాలం. ఇంగ్లిషు మాధ్యమంలో చదివినవారికి ఎండోప్లాస్మిక్ రెటిక్యులం. తొమ్మిదో తరగతిలో బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకున్నాక చాలామంది మరచిపోయే పేరిది. పెయింటు షెడ్డులో పనిచేసేవారికి మాత్రం మరచిపోదగ్గ పేరు కాదు.

గరుకు వల.. నునుపు వల

కణం మధ్యలో కేంద్రకం ఉంటుంది. దాన్ని చుట్టిన రెండు పొరల్లో వెలుపలిది అక్కడితో ఆగదు. మడతలుగా, చదునైన సంచులుగా, సన్నని గొట్టాలుగా సాగి కణమంతా అల్లుకుంటుంది. సూక్ష్మదర్శినిలో తెగిన ముక్కల్లా కనిపించినా నిజానికి అది ఒకదానితో ఒకటి కలిసిన ఒకే పొర. దాని లోపలి ఖాళీ కూడా ఒకటే. కాలేయ కణంలో ఉన్న పొరలన్నింటినీ పరిచి కొలిస్తే దాదాపు సగం ఈ జాలానిదే. కణాన్ని బయట నుంచి కప్పి ఉంచే పొర వాటా 2 శాతమే.

ఈ వలలో రెండు రకాల ప్రాంతాలున్నాయి. కొన్నిచోట్ల పొర వెలుపల రైబోజోములనే గుండ్రని రేణువులు గుచ్చుకుని ఉంటాయి. అది గరుకు అంతర్జీవ ద్రవ్యజాలం. రేణువులు లేని గొట్టాల ప్రాంతం నునుపు అంతర్జీవ ద్రవ్యజాలం. గరుకు ప్రాంతంలో కణం బయటికి పంపాల్సిన మాంసకృత్తులు, పొరల్లో అమర్చాల్సిన మాంసకృత్తులు తయారవుతాయి. నునుపు ప్రాంతంలో కొవ్వులు, స్టెరాయిడ్ హార్మోనులు తయారవుతాయి. మందులు, మద్యం, ద్రావకాల వంటివి విరిగేదీ అక్కడే.

గరుకు వల పనితీరు ఆటోనగర్‌లో బాడీ కట్టే వారికి చెప్పకుండానే అర్థమవుతుంది. షెడ్డులోకి వచ్చేది ఉత్త ఛాసీ. క్యాబిన్ కట్టి, తొట్టి బిగించి, టింకరింగు చేసి, తలుపు సరిగా పడకపోతే ఊడదీసి మళ్లీ కొట్టి, ఆ తర్వాతే బయటికి వదులుతారు. రైబోజోము నుంచి వచ్చే మాంసకృత్తు కూడా మొదట ఒక పొడవాటి గొలుసు మాత్రమే. ద్రవ్యజాలం లోపలికి దూరాక సరైన రీతిలో మడత పడుతుంది. అవసరమైతే చక్కెర గొలుసులు తగిలించుకుంటుంది. అప్పుడే చిన్న సంచిలో గాల్జి సంక్లిష్టానికి, అక్కడి నుంచి గమ్యానికి బయలుదేరుతుంది. మడత సరిపోని సరుకుకు గేటు తెరుచుకోదు. సరిదిద్దే ప్రయత్నాలు ఫలించకపోతే వెనక్కి నెట్టి ముక్కలు చేసేస్తారు. ఇలాంటి చెడు సరుకు పేరుకుపోయి ద్రవ్యజాలం ఉక్కిరిబిక్కిరి కావడం మధుమేహంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు దెబ్బతినడానికి ఒక కారణమని శాస్త్రజ్ఞులు గుర్తించారు.

ఏ గొలుసు ద్రవ్యజాలంలోకి వెళ్లాలో, ఏది బయటే ఉండిపోవాలో ఎలా తెలుస్తుంది? గొలుసు మొదట్లోనే చిరునామా రాసి ఉంటుంది. లారీ వెంట వే బిల్లు ఉన్నట్లే. ఈ చిరునామా పద్ధతిని కనుగొన్నందుకు గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి దక్కింది.

అంతకు చాలా ముందు, 1945లో, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో కీత్ పోర్టర్, ఆల్బర్ట్ క్లాడ్, ఎర్నెస్ట్ ఫుల్లమ్ కోడి పిండం నుంచి పెంచిన కణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. కణద్రవ్యంలో లేసు అల్లికలాంటి వల కనిపించింది. కణం లోతట్టు భాగానికే పరిమితమైనట్లు తోచడంతో 1953లో పోర్టర్ ఆ అర్థం వచ్చే పేరు పెట్టారు. తర్వాత చూస్తే అది కణం అంచుల దాకా పాకి ఉంది. అయినా పేరు మారలేదు. కణ నిర్మాణంపై పరిశోధనలకు 1974లో క్లాడ్, జార్జి పలాడే, క్రిస్టియన్ డి డ్యూవ్‌లకు నోబెల్ ఇచ్చారు. పేరు పెట్టిన పోర్టర్‌కు అందులో వాటా దక్కలేదు.

ఏ కణాల్లో ఉంటుంది?

స్థూలంగా చెబితే కేంద్రకం ఉన్న ప్రతి కణంలోనూ ఉంటుంది. మనిషి, చేప, రొయ్య, కొబ్బరి చెట్టు, పుట్టగొడుగు, ఇడ్లీ పిండిలోని ఈస్ట్.. ఏదైనా కావచ్చు. మొక్కల కణాల్లో ఉండదన్న అపోహ విద్యార్థుల్లో తరచు కనిపిస్తుంది. అది సరికాదు. కృష్ణా డెల్టాలో పండే వరి గింజే అందుకు సాక్ష్యం. గింజ పాలు పోసుకునే దశలో అంకురచ్ఛద కణాల్లోని గరుకు ద్రవ్యజాలం ప్రోలమిన్ అనే మాంసకృత్తును తయారుచేసి, బయటికి పంపకుండా తనలోనే గుండ్రని ఉండలుగా దాచుకుంటుంది. గ్లూటెలిన్ అనే మరో మాంసకృత్తు గాల్జి మీదుగా వేరే గోదాముకు చేరుతుంది. అన్నంలో మనకు అందే మాంసకృత్తుల్లో కొంత భాగం ఇలా ద్రవ్యజాలం సంచుల్లో నిల్వ ఉన్నదే.

బ్యాక్టీరియాలో ఇది లేదు. వాటికి కేంద్రకమే లేదు కాబట్టి దాని పొర నుంచి సాగే వల కూడా ఉండదు. ఈ తేడా పుస్తకాల్లో మిగిలిపోయే విషయం కాదు. హెపటైటిస్ బి టీకాకు కావాల్సిన వైరస్ ఉపరితల మాంసకృత్తు సరైన కణికలుగా కూడాలంటే ద్రవ్యజాలం ఉన్న కణం కావాలి. అందుకే టీకా తయారీకి బ్యాక్టీరియాను కాదని ఈస్ట్‌ను ఎంచుకున్నారు. హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన షాన్‌వ్యాక్-బి కూడా పిచియా అనే ఈస్ట్‌లో తయారైనదే. దేశీయంగా రూపొందిన తొలి జన్యు పునస్సంయోజక హెపటైటిస్ బి టీకాగా అది పేరు పొందింది.

మన ఒంట్లో ద్రవ్యజాలం లేని ముఖ్యమైన కణం ఎర్ర రక్తకణం. ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడు దానికీ కేంద్రకం, ద్రవ్యజాలం, రైబోజోములు ఉంటాయి. పక్వానికి వచ్చే క్రమంలో వాటన్నింటినీ వదిలించుకుంటుంది. ఉన్న చోటంతా హీమోగ్లోబిన్‌తో నింపుకొని దాదాపు 120 రోజులు తిరుగుతుంది. పాడైన మాంసకృత్తు స్థానంలో కొత్తది తయారుచేసుకునే ఏర్పాటు దానికి లేదు. బ్యాటరీలు విప్పి సీసం కరిగించే చోట్ల పనిచేసేవారు ఇది గమనించాలి. రక్తంలో చేరిన సీసం చాలావరకు ఎర్రకణాల్లోనే ఉంటుంది. సీసం విషప్రభావం ఎక్కువైన వారి రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే కొన్ని ఎర్రకణాల్లో నీలి చుక్కలు కనిపిస్తాయి. అవి పూర్తిగా తొలగిపోకుండా ముద్దకట్టిన రైబోజోముల అవశేషాలు.

ఉన్న కణాలన్నింటిలోనూ ఒకే మోతాదులో ఉండదు. పనిని బట్టి వల. జీర్ణ ఎంజైములు తయారుచేసే క్లోమ కణంలో పొరల్లో 60 శాతం గరుకు ద్రవ్యజాలమే, నునుపు రకం 1 శాతం కూడా ఉండదు. ప్రతిరక్షకాలు తయారుచేసే ప్లాస్మా కణం లోపల కేంద్రకం పోను చాలాభాగం గరుకు మడతలే. ఆ ఒక్క కణం సెకనుకు వేల ప్రతిరక్షక అణువులను బయటికి పంపగలదు. నాడీకణాల్లో నిస్సల్ కణికలుగా పేరుపడ్డవి కూడా గరుకు ద్రవ్యజాలపు గుట్టలే. అధివృక్క గ్రంథిలో, ముష్కాల్లో స్టెరాయిడ్ హార్మోనులు తయారుచేసే కణాల్లో నునుపు రకానిదే పైచేయి. కండర కణంలో నునుపు వల మరో అవతారం ఎత్తింది. కాల్షియాన్ని నిల్వ చేసుకుని, నాడి నుంచి ఆదేశం రాగానే వదులుతుంది. టైరు విప్పడానికి వీల్ స్పానర్ తిప్పే చేతి కండరం బిగుసుకోవడం ఆ కాల్షియం వల్లే. తిరిగి వెనక్కి లాక్కుంటేనే సడలుతుంది.

గరుకు, నునుపు రెండూ పుష్కలంగా ఉన్నది కాలేయ కణంలో. రక్తంలోని ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన పలు మాంసకృత్తులు గరుకు భాగంలో తయారవుతాయి. ఉపవాసం ఉన్నప్పుడు కాలేయం రక్తంలోకి గ్లూకోజు వదలడానికి కావాల్సిన చివరి ఎంజైము గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ ఉండేది కూడా ఈ జాలం పొరలోనే. ఆ ఎంజైము పనిచేసినప్పుడు ఫాస్ఫేటు విడుదలవుతుంది. ఫాస్ఫేటును కొలిచే పద్ధతుల్లో ప్రపంచ ప్రయోగశాలలు దశాబ్దాలపాటు వాడిన ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. ఆ సుబ్బారావు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే.

వల పెరిగితే బలమా?

నూనె, కొవ్వులో కరిగే పదార్థాన్ని మూత్రపిండాలు సులభంగా బయటికి పంపలేవు. వడకట్టినా తిరిగి రక్తంలోకే జారిపోతుంది. అందుకే కాలేయం దాన్ని నీటిలో కరిగేలా మారుస్తుంది. నునుపు ద్రవ్యజాలం పొరలో పాతుకుని ఉన్న సైటోక్రోమ్ పి-450 కుటుంబపు ఎంజైములు మొదటి దెబ్బ వేస్తాయి. తిన్నర్‌లో సాధారణంగా ఉండే టోలీన్‌ను ఇవి మార్చడం మొదలుపెడితే, మరికొన్ని దశల తర్వాత అది హిప్పూరిక్ ఆమ్లమై మూత్రంలో వెళ్లిపోతుంది. జైలీన్‌దీ ఇంచుమించు ఇదే దారి. రంగుల పరిశ్రమల్లో కార్మికులు ఎంత ద్రావకం పీల్చారో తెలుసుకోవడానికి మూత్రంలో ఇలాంటి పదార్థాలను కొలిచే పద్ధతి అందుకే వచ్చింది.

ఇక్కడిదాకా కాలేయం కార్మికుడి పక్షానే ఉంది. చిక్కు దీని తర్వాత మొదలవుతుంది. ఒకే పదార్థం రోజూ వచ్చి పడుతుంటే కణం ఊరుకోదు. పని పెరిగిన యజమాని షెడ్డుకు మరో వరండా దించినట్లు నునుపు వలను పెంచుకుంటుంది. 1963లో జర్మనీ శాస్త్రజ్ఞులు హెర్బర్ట్ రెమర్, హాన్స్ మెర్కర్ జంతువులకు ఫినోబార్బిటాల్ అనే మూర్ఛ మందు ఇచ్చి, వాటి కాలేయ కణాల్లో నునుపు ద్రవ్యజాలం విపరీతంగా విస్తరించడాన్ని చూపారు. అదే దశాబ్దంలో న్యూయార్క్‌లో చార్లెస్ లీబర్ బృందం మద్యంతోనూ ఇదే జరుగుతుందని నిరూపించింది. మద్యాన్ని విరిచే ఒక ప్రత్యేక ఏర్పాటు ఈ వలలోనే ఉందని 1968లో ప్రకటించింది. రోజూ తాగేవారికి ‘ఎంత తాగినా ఎక్కదు’ అన్న పేరు రావడంలో కొంత భాగం మెదడుదైతే, మరికొంత భాగం ఈ పెరిగిన వలది. దాన్ని దిట్టతనంగా చెప్పుకోవడం పొరపాటు. అది పని భారానికి కణం ఇచ్చిన ప్రతిస్పందన మాత్రమే.

పెరిగిన వల అన్ని పదార్థాలనూ మంచిగా మార్చదు. కొన్నింటిని ఉన్నదానికంటే విషంగా మారుస్తుంది. మద్యంతో పెరిగే ఎంజైము పేరు సైటోక్రోమ్ 2ఈ1. జ్వరానికి, ఒళ్లునొప్పులకు వేసుకునే పారాసిటమాల్‌లో కొద్ది భాగాన్ని ఇది ఒక ఘాటైన విషపదార్థంగా మారుస్తుంది. మామూలుగానైతే కాలేయంలో ఉండే గ్లూటాథయోన్ దాన్ని వెంటనే పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది. రోజూ తాగేవారిలో విషం తయారయ్యే వేగం పెరిగి ఉంటుంది. సరిగా తినకపోవడంతో గ్లూటాథయోన్ నిల్వ తరిగి ఉంటుంది. పెద్దవారికి రోజుకు 4 గ్రాములు మించరాదన్న పరిమితి ఇలాంటి వారికి వర్తించదు. వైద్యులు మోతాదు తగ్గించే రాస్తారు. పగలంతా బరువులెత్తి, రాత్రి తాగి, ఒళ్లునొప్పులని మందుల దుకాణంలో రెండేసి మాత్రలు అడిగి వేసుకునే అలవాటు ఉన్నవారికి ప్రమాదం పొంచి ఉన్నది ఇక్కడే. మోతాదు మించిందని తెలిసిన వెంటనే ఆసుపత్రికి చేరితే ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది. ఆలస్యమయ్యేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుంది. మొదటి రోజు పెద్దగా లక్షణాలు కనిపించకపోవడం ఈ విషం చేసే మోసం.

మెకానిక్కులు చేతుల గ్రీజు కడగడానికి, విడిభాగాలు శుభ్రం చేయడానికి వాడే పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. దేశంలో దాని పరిమితి ఘనపరిమాణంలో 1 శాతం. బెంజీన్‌ను మార్చేదీ ప్రధానంగా ఈ 2ఈ1 ఎంజైమే. అలా మారాక ఏర్పడే పదార్థాలే ఎముక మజ్జను దెబ్బతీస్తాయి. రక్త క్యాన్సర్‌కు కారకంగా బెంజీన్ ఎప్పుడో రుజువైంది. ఒకప్పుడు జిడ్డు వదిలించడానికి విరివిగా వాడిన కార్బన్ టెట్రాక్లోరైడ్‌ది మరీ విచిత్రమైన కథ. ద్రవ్యజాలం దాన్ని విరవబోయి, పుట్టిన ముక్కలతో తన పొరనే కాల్చుకుంటుంది. ఓజోన్ పొరకు చేటు చేస్తుందన్న కారణంతో మాంట్రియల్ ఒప్పందం కింద 2010 నాటికి ఇలాంటి వాడకాన్ని నిలిపివేశారు. ఓజోన్ పుణ్యమా అని కార్మికుల కాలేయాలకూ ఒక ముప్పు తప్పింది.

టోలీన్ విషయంలో కాలేయం కంటే మెదడు, నాడులే ముందు దెబ్బతింటాయి. తలనొప్పి, మత్తు, మతిమరుపు దాని లక్షణాలు. ద్రావకం ఒంట్లో ఎంతసేపు ఉంటుందన్నదే ఇక్కడ కీలకం. పని ముగిసిన వెంటనే తాగితే మద్యం, టోలీన్ ఒకే ఎంజైము కోసం పోటీపడతాయి. మద్యం అడ్డుగా నిలవడంతో టోలీన్ విరగడం మందగించి రక్తంలో ఎక్కువసేపు తిరుగుతుంది. అంటే రోజూ తాగడం వల్ల వల పెరుగుతుంది, తాగిన ఆ కొన్ని గంటలు మాత్రం అదే వల ఇతర పనులకు దొరకదు. షెడ్డు పెద్దదే, లోపలంతా ఒకే ఆసామి బళ్లు నిలిపి ఉంచినట్లు.

మూతికి చేతిరుమాలు కట్టుకుంటే సరిపోతుందన్న నమ్మకం షెడ్లలో ఉంది. రుమాలు ధూళిని కొంత ఆపుతుందేమో గానీ ద్రావకపు ఆవిరిని ఆపదు. అందుకు బొగ్గు పొర ఉన్న ఫిల్టర్ మాస్కు కావాలి. ఫిల్టరును గడువు ప్రకారం మార్చాలి. గాలి ఆడే చోట రంగు వేయడం, తిన్నర్ డబ్బాకు మూత పెట్టడం, చేతులు తిన్నర్‌తో కాక సబ్బుతో కడుక్కోవడం ఖర్చులేని జాగ్రత్తలు. ద్రావకం చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది.

పరీక్షలో తెలుస్తుందా?

కాలేయం ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే ద్రవ్యజాలంలో మార్పు తెలుస్తుంది. హెపటైటిస్ బి దీర్ఘకాలంగా ఉన్నవారిలో కొన్ని కాలేయ కణాలు గరుకు గాజులా మసకగా కనిపిస్తాయి. నునుపు ద్రవ్యజాలం నిండా వైరస్ ఉపరితల మాంసకృత్తు పేరుకుపోవడమే కారణం. ఈస్ట్‌లో టీకాగా తయారయ్యేది, రోగి కాలేయంలో పేరుకునేది ఒకే మాంసకృత్తు. అయితే ఇందుకోసం అందరి కాలేయానికీ సూది గుచ్చరు.

రక్తపరీక్షల్లో దీనికి దగ్గరగా వచ్చేది జీజీటీ. మద్యం, మూర్ఛ మందుల వంటివి కాలేయ ఎంజైములను ప్రేరేపించినప్పుడు దీని స్థాయి పెరుగుతుంది. పిత్తనాళాల్లో అడ్డంకి, కాలేయంలో కొవ్వు వంటి ఇతర కారణాలతోనూ పెరగవచ్చు కాబట్టి ఆ ఒక్క అంకె చూసి నిర్ధారణకు రాకూడదు. వైద్యుడికి చూపించేటప్పుడు తాను చేసే పని, వాడే రంగులు, తాగే అలవాటు మూడూ చెప్పాలి. చాలామంది మూడోది దాస్తారు, మొదటి రెండూ చెప్పాలన్న ఆలోచనే రాదు.

పెరిగిన వల శాశ్వతం కాదు. ఫినోబార్బిటాల్ ఆపేసిన జంతువుల్లో అదనపు పొరలను కణమే సంచుల్లో చుట్టి, లైసోజోములకు అప్పగించి, కొద్ది రోజుల్లోనే జీర్ణించుకుంది. మద్యం మానినవారిలో జీజీటీ సాధారణంగా రెండు మూడు వారాల్లో సగానికి దిగుతుంది. కాలేయం అప్పటికే గట్టిపడి మచ్చలు కట్టి ఉంటే మాత్రం ఆ మచ్చలు ఇంత త్వరగా పోవు.